మతిమరుపు మదర్‌బోర్డులు

భూపాలపల్లి పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. రెండు యూనిట్లూ కలిపి 1,100 మెగావాట్లు. అంత కరెంటు పుట్టే చోట కూడా, స్విచ్ కట్టేశాక జిరాక్స్ షాపు కంప్యూటర్‌కి తేదీ గుర్తుండేలా చూసేది 3 వోల్టుల బిళ్ళ సెల్లే. దాని పేరు సీఆర్2032. అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2. పేరులోని అంకెల అర్థం అదే.

ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు బోర్డు మీది గడియారం ఆ కరెంటుతోనే నడుస్తుంది. రాత్రి గోడ స్విచ్ కట్టేస్తే భారమంతా సెల్లు మీద పడుతుంది. అది అయిపోయిందంటే తెల్లారేసరికి తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు బ్యాంకు సైటూ, మీసేవ సైటూ ‘సురక్షితం కాదు’ అని మొరాయిస్తాయి. సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలుంటాయి మరి! నెట్టు వాళ్లను తిట్టే ముందు తెర మూలన ఉన్న తేదీ ఒకసారి చూడండి.

1981 నాటి ఐబీఎం పీసీకి ఈ బాధ లేదు, ఎందుకంటే దానికి బ్యాటరీ గడియారమే లేదు. ఆన్ చేసినప్పుడల్లా తేదీ అడిగేది. 1984లో వచ్చిన ఏటీ మోడల్‌లో గడియారం, బ్యాటరీ చేరాయి. వాటితోపాటు తెర మీద 161 అనే అంకె కూడా వచ్చింది. అది కనిపిస్తే మొదటి అనుమానం బ్యాటరీ మీదే. 201 వస్తే మెమరీని చూడాలి.

ఆ కాలపు బోర్డుల్లో హార్డ్‌డిస్క్ వివరాలు కూడా బ్యాటరీ దయ మీదే ఉండేవి. సెల్లు పోతే సిలిండర్లు ఎన్ని, హెడ్లు ఎన్ని అన్నది బోర్డు మరిచిపోయేది, డిస్కు లేదనేది. నిక్షేపంలాంటి డిస్కులు అలా ‘చచ్చిపోయాయి’. తెలిసిన మెకానిక్ ఆ అంకెలు చీటీ మీద రాసి క్యాబినెట్ లోపల అంటించేవాడు.

386, 486 బోర్డుల మీద నీలం రంగు పీపాలాంటి బ్యాటరీ కనిపిస్తే జాగ్రత్త. అది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం రకం. ఏళ్లు గడిచాక కారుతుంది. యాసిడ్ కారిందంటారు గానీ అది క్షారం. సన్నటి రాగి గీతల్ని తినేస్తుంది, పచ్చగా చిలుము పడుతుంది. అందుకే వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తారు. దాని చోట సీఆర్2032 నేరుగా అతికించకూడదు. బోర్డు పాత బ్యాటరీని ఛార్జ్ చేసేది, ఈ సెల్లు ఛార్జింగ్‌కి పనికిరాదు. మధ్యలో డయోడ్ తప్పనిసరి.

కొన్ని బోర్డుల మీద బ్యాటరీ ఎంత వెతికినా దొరకదు. డాలస్ కంపెనీ డీఎస్1287 చిప్పులోనే సెల్లునీ, క్రిస్టల్‌నీ పెట్టి రెజిన్ పోసి మూసేశారు. పదేళ్లు ఢోకా లేదన్నారు; ఆ పదేళ్లూ ఎప్పుడో దాటిపోయాయి. పాత యంత్రాల పిచ్చి ఉన్నవాళ్లు ఆ నల్లదిమ్మను పక్కనుంచి గీకి, లోపలి తీగలకు బయటి సెల్లు కలుపుతారు. ఓపిక కావాలి.

మెమరీ సంగతికొస్తే, ముందు వినాలి. ఏఎంఐ బయాస్ మూడుసార్లు కూస్తే మొదటి 64 కేబీలోనే తేడా ఉన్నట్టు. బొగ్గు ఊళ్లో దుమ్ముకి కొదవేముంది! ర్యామ్ తీసి, కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊది, మళ్లీ బిగిస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. 486లో 30 పిన్నుల ర్యామ్ నాలుగేసి పెట్టాలి, ఒక్కటి పెడితే బోర్డు లేవదు. అది చెడిపోవడం కాదు, లెక్క తప్పడం.

హైదరాబాద్ ఈసీఐఎల్ పేరుతో 1969లో వచ్చిన టీడీసీ-12 కంప్యూటర్‌లో మెమరీ అయస్కాంతపు ఉంగరాలతో ఉండేది. కరెంటు పోయినా అందులో రాసింది చెరగదు. నేటి ర్యామ్ మాత్రం సెకనులో ఎన్నోసార్లు తిరగరాయకపోతే అంతా మరిచిపోతుంది.

అటక మీద 386 గానీ 486 గానీ ఉంటే, అది పనిచేసినా చేయకపోయినా, పీపా బ్యాటరీని ఈవారమే తీయించండి. తీసిన సెల్లు చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. పసిపిల్లలు బిళ్ళ సెల్లు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అనుమానం వచ్చినా చాలు, ఆసుపత్రికి పరుగెత్తండి.