గర్భిణులలో మూత్రనాళ ఇన్‌ఫెక్షన్: చికిత్స, వ్యవహార భాష

వ్యాససంగ్రహం:
గర్భకాలంలో మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ ఎందుకు వస్తుందో, దానికి చికిత్స ఏమిటో వివరించడం, వ్యాధిని గుర్తించడంలో వాడుక మాట పాత్రను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: గర్భిణి, మూత్రపరీక్ష, మూత్రకృచ్ఛ్రం, వేడి, నర్సంపేట.

1. ప్రవేశిక:
వరంగల్ జిల్లా నర్సంపేట పరిసరాలలో పత్తి, మొక్కజొన్న, మిర్చి ప్రధాన పంటలు. మిర్చి ఏరే కూలీలలో ఎక్కువమంది స్త్రీలే. చేలల్లో మరుగు ఉండదు కనుక నీళ్లు తక్కువ తాగడం, మూత్రం ఆపుకోవడం అలవాటవుతుంది. మూత్రంలో మంట పుడితే ‘వేడి చేసింది’ అంటారు. సబ్జా నీళ్లు, మజ్జిగ తాగుతారు. ఈ మాటను అత్త ముందైనా, ఆశా కార్యకర్త ముందైనా సంకోచం లేకుండా అనవచ్చు. దాని ప్రయోజనం అదే. చిక్కు కూడా అక్కడే ఉంది. చలువ వేడికి విరుగుడు గాని, బ్యాక్టీరియాకు కాదు.

2. పేరు - లక్షణం:
ఆయుర్వేదంలో దీనికి దగ్గరగా ఉన్న పదం మూత్రకృచ్ఛ్రం. కష్టంగా మూత్రం వెడలడమని అర్థం. చరకసంహిత దీనిని ఎనిమిది విధాలుగా విభజించింది. వాడుక మాటా, శాస్త్ర పదమూ రెండూ బాధను బట్టి పుట్టినవే. అయితే గర్భిణులలో ఈ ఇన్‌ఫెక్షన్ తరచుగా ఏ బాధా లేకుండానే ఉంటుంది. బాధ లేనప్పుడు చెప్పుకోవడానికి మాటే ఉండదు.

3. కారణాలు:
గర్భకాలంలో ప్రొజెస్టిరాన్ ప్రభావం వల్ల మూత్రనాళాలు సడలుతాయి. పెరిగే గర్భాశయం వాటిని నొక్కుతుంది. మూత్రం నిలిచి, బ్యాక్టీరియా వృద్ధికి అవకాశం కలుగుతుంది. వీటిలో అధికభాగం పేగులలో ఉండే ఇ.కోలై. లక్షణాలు లేని ఇన్‌ఫెక్షన్ సుమారు 2 నుంచి 10 శాతం గర్భిణులలో కనిపిస్తుంది. చికిత్స లేకపోతే అది మూత్రపిండాలకు పాకవచ్చు. నెలలు నిండని కాన్పుకు, తక్కువ బరువు శిశువుకు కూడా దీనితో సంబంధం ఉంది.

4. పరీక్ష, చికిత్స:
మొదటి గర్భపరీక్షలలోనే మూత్రం కల్చర్ చేయించాలి. తొలి ధార వదిలి, మధ్యధారను శుభ్రమైన సీసాలో పట్టాలి. లక్షణాలు లేకున్నా బ్యాక్టీరియా తేలితే 7 రోజుల యాంటీబయాటిక్ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. సెఫాలెక్సిన్, అమాక్సిసిలిన్, నైట్రోఫ్యురాంటోయిన్ వంటి వాటిలో ఏది తగునో కల్చర్ ఫలితాన్ని, గర్భం నెలలను బట్టి వైద్యులు నిర్ణయిస్తారు. నైట్రోఫ్యురాంటోయిన్‌ను ప్రసవ సమీపంలో వాడరు. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్ వంటి మందులను గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. అందువల్ల మందుల దుకాణంలో అడిగి కొనడం ప్రమాదకరం. మంట తగ్గినా మందు మధ్యలో మానరాదు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఆసుపత్రిలో చేర్చి, నరం ద్వారా మందు ఇవ్వవలసి ఉంటుంది. చికిత్స ముగిశాక మళ్లీ కల్చర్ అవసరం.

5. ముగింపు:
‘వేడి’ అన్న మాటను తప్పుపట్టి తొలగించనవసరం లేదు. దాని చాటున స్త్రీ తన బాధను చెప్పుకోగలుగుతున్నది. ఆ మాట విన్నవారు ‘మూత్రంలో మంటగా ఉందా? పరీక్ష చేయించుకున్నావా?’ అని అడిగితే అదే వైద్యానికి దారి అవుతుంది. మంట లేనివారికి మాత్రం ఏ మాటా సాయపడదు. పరీక్ష ఒక్కటే ఆధారం. ఆరోగ్య ప్రచార సామగ్రిని రాసేవారు ‘మంట ఉంటే రండి’ అనకుండా, ‘మంట లేకున్నా మూత్రపరీక్ష చేయించుకోండి’ అని రాయడం అవసరం. పదజాల పరిశోధన ప్రాణరక్షణకు తోడ్పడే చోట్లలో ఇదొకటి.