కోరికకూ చెల్లింపుకూ నడుమ

పార్కిన్సన్ జబ్బుకు వాడే మందుల్లో డోపమైన్ అగోనిస్టులు అనే రకం ఉంది. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ ఆ కోవలోవే. మెదడులో కొరవడిన డోపమైన్ చేయాల్సిన పనిని ఇవి చేసిపెడతాయి; శరీరం బిగుసుకుపోవడం తగ్గి మనిషి తేలిగ్గా కదలగలుగుతాడు. అయితే ఈ మందు మొదలుపెట్టాక కొందరు, అంతకుముందు పైసా పైసా లెక్క చూసుకున్నవాళ్లు సైతం, అక్కర్లేని వస్తువులు తెగ కొంటారు. కొందరు జూదానికి దిగుతారు. అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో 5.7 శాతం మందికి ఆపుకోలేని కొనుగోళ్ల సమస్య ఉన్నట్టు తేలింది. జూదం, అతిగా తినడం వంటివీ కలిపితే, ఈ మందులు వాడేవారిలో 17.1 శాతం మందికి, వాడనివారిలో 6.9 శాతం మందికి ఏదో ఒక అదుపు తప్పిన అలవాటు కనిపించింది. డాక్టరు మోతాదు తగ్గిస్తే చాలామందిలో ఆ ఊపు దిగుతుంది (సొంతంగా మానేయడం మాత్రం ప్రమాదం). ఆ మనుషుల పెంపకం మారలేదు, రూపాయి విలువా మరిచిపోలేదు. దుబారా మనిషిని చూడగానే నిగ్రహం లేనివాడని తేల్చేసేవారు ముందు ఈ సాక్ష్యానికి జవాబు చెప్పాలి.

డోపమైన్‌ను ఆనందపు రసాయనం అనడం పత్రికలకు అలవాటైపోయింది. అది సగం నిజం కూడా కాదు. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులపై చేసిన ప్రయోగాల్లో, మొదట్లో పళ్లరసం నోట్లో పడినప్పుడు స్పందించిన డోపమైన్ కణాలు, రసం వస్తుందని సూచించే గుర్తు అలవాటయ్యాక ఆ గుర్తుకే స్పందించాయి. రసం అందినప్పుడు ఊరుకున్నాయి. కావాలనిపించడం వేరు, దొరికాక బాగుందనిపించడం వేరు, మెదడులో ఈ రెంటి దారులూ వేరని మెదడు పరిశోధకుడు కెంట్ బెరిడ్జ్ చాలా ఏళ్లుగా వాదిస్తున్నాడు. విప్పని పార్శిళ్లు, ధర చీటీ ఊడని బట్టలు బీరువాలో ఎందుకు పేరుకుంటాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. వస్తువు మీద మోజు కంటే దాన్ని వెతకడం, ఎంచుకోవడం, ఎదురుచూడడమే అసలు ఆకర్షణ. ఇంటికొచ్చేసరికి దాని పని అయిపోతుంది.

ఈ తహతహను ఆపే బ్రేకు ఒకటి మనలోనే ఉంది: డబ్బు పోతోందన్న బాధ. బ్రయన్ నట్సన్ బృందం 2007లో 26 మందికి వస్తువులూ వాటి ధరలూ చూపిస్తూ మెదడును స్కాన్ చేసింది. వస్తువు నచ్చినప్పుడు ఒక భాగం చురుగ్గా పనిచేస్తే, ధర మరీ ఎక్కువ అనిపించినప్పుడు ఇన్సులా అనే మరో భాగం మేల్కొంది. ఈ బాధ ఎంత తీవ్రంగా తెలుస్తుందనేది డబ్బు ఏ రూపంలో చేయి దాటుతుందన్న దానిమీద ఆధారపడుతుంది. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో బాస్కెట్‌బాల్ టికెట్ల వేలానికి నగదు ఇవ్వాల్సినవారికంటే క్రెడిట్ కార్డు వాడేవారు సుమారు రెట్టింపు పాడారు. మనదేశంలో 2016లో వచ్చిన యూపీఐ చిల్లర గొడవ లేకుండా చేసింది, కూరగాయల బండి దాకా మేలు చేసింది. దాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. కానీ కార్డును ముందే గుర్తుపెట్టుకున్న షాపింగ్ యాప్, పిన్ కూడా అడగని చిన్న చెల్లింపు, నెలనెలా కడితే చాలన్న ఈఎంఐ, ఇవన్నీ కలిసి కోరికకూ చెల్లింపుకూ నడుమ ఉండే ఎడాన్ని మింగేశాయి. బాధ మేలుకునేలోపే ఆర్డరు వెళ్లిపోతోంది. దుబారా అలవాటును వదిలించుకోవడమంటే నా దృష్టిలో ఆ ఎడాన్ని తిరిగి తెచ్చుకోవడమే: యాప్ తీసేయడం, అందులోని కార్డు వివరాలు చెరిపేయడం లాంటి చిన్న అడ్డంకులు పెట్టుకోవడం.

మనసు గట్టిగా ఉంటే ఈ అడ్డంకులన్నీ ఎందుకని అడగొచ్చు. జర్మనీలో విల్‌హెల్మ్ హోఫ్‌మన్ బృందం కొన్ని రోజులపాటు జనాన్ని వెంటాడి, ఇప్పుడు ఏ కోరిక కలుగుతోందని అడిగింది. నిగ్రహం ఎక్కువని పేరున్నవాళ్లు కోరికలతో గట్టిగా పోరాడుతుంటారని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే వాళ్లకు పోరాడాల్సిన సందర్భాలే తక్కువ. ప్రలోభం ఎదురుపడని చోట్లలో మసలుతారన్నమాట. ఇంకో అభ్యంతరం బలమైనది: కార్డు వివరాలు చెరిపేసినవాడు మళ్లీ నింపుకోలేడా? నింపుకోగలడు. కానీ కోరిక ఎప్పుడూ ఒకే ఎత్తున ఉండదు, లేస్తుంది, పడుతుంది. అడ్డంకి దాన్ని చంపాల్సిన పనిలేదు, పడేదాకా ఆలస్యం చేస్తే చాలు. కొనుగోళ్ల వ్యసనానికి ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో జరిగేదీ చాలావరకు ఇదే. ఏ వేళ, ఏ దిగులులో చేయి ఫోన్ మీదికి పోతోందో రాసుకోవడం, ఆ ఘడియను వేరే పనితో దాటించడం. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇలా బృందంగా చికిత్స పొందినవారు మెరుగుపడ్డారు, ఆరు నెలల తర్వాత కూడా ఆ మెరుగు నిలిచింది. చిన్న అధ్యయనమే, కాబట్టి మరీ పొంగిపోకూడదు. మందుల విషయంలో ఆపాటి ఆశ కూడా కనబడలేదు: ఎస్సిటాలోప్రామ్‌ను ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే తేడా లేదు.

ప్రతి బలహీనతకూ జబ్బు పేరు పెడుతున్నారన్న విసుగు కూడా న్యాయమైనదే. మనోవైద్యుడు క్రేపెలిన్ వందేళ్ల కిందటే కొనుగోళ్ల వ్యసనాన్ని ఓనియోమేనియా అన్నా, అమెరికన్ మనోవైద్యుల డీఎస్ఎం-5 దీన్ని విడి రుగ్మతగా చేర్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 మాత్రం ఉద్రేకాలను అదుపుచేయలేని ఇతర రుగ్మతలకు ఒక ఉదాహరణగా పేర్కొంది. గీత ఎక్కడ గీయాలన్నది ఖర్చు మొత్తాన్ని బట్టి కాదు. పెళ్లికి పొలం అమ్మి చేసే ఖర్చు ఇంకా పెద్దది, కానీ అది పదిమంది కూర్చుని నిర్ణయించింది, దాని రోగం వేరు. మానేయాలనుకుని మానలేకపోవడం, బిల్లులు ఇంట్లో దాచడం, అప్పు తీర్చడానికి అప్పు, ఇవి గుర్తులు. నిద్ర తగ్గిపోయి, ఉత్సాహం హద్దు దాటి, కొద్దిరోజుల్లో విపరీతంగా ఖర్చు పెడుతుంటే అది బైపోలార్ కావచ్చు. అప్పుడు యాప్ తీసేయడంతో సరిపోదు, డాక్టరు కావాలి.

చట్టం కొంత కదిలింది. "ఇంకా రెండే మిగిలాయి" లాంటి బూటకపు తొందర, అడగని వస్తువును బుట్టలో చేర్చడం వంటి 13 మాయలను 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు నిషేధించాయి. అంతకంటే పనికొచ్చే సాధనం మన చేతిలోనే ఉంది, వాడేవాళ్లే తక్కువనిపిస్తుంది: రిజర్వు బ్యాంకు నిబంధన వల్ల 2020 అక్టోబరు నుంచి కార్డుకు ఆన్‌లైన్ చెల్లింపులను ఆపేసుకోవచ్చు, పరిమితి పెట్టుకోవచ్చు. లోపమల్లా, పరిమితిని తగ్గించినంత సులువుగా పెంచుకోవడం కూడా అదే తెరమీద కుదరడం. బ్రిటన్‌లో ఆన్‌లైన్ జూదం ఆడేవారు తమ పరిమితిని పెంచమంటే కనీసం 24 గంటలు ఆగాలి. కోరుకున్న ఖాతాదారులకు మన బ్యాంకులూ ఇలాంటి గడువు పెడితే, దానికి కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు.