గడువు తీరిన నెట్ కనెక్షన్: కొనసాగించడమా, మార్చడమా?

తెలుగు రాష్ట్రాల్లో ఇంటి ఇంటర్నెట్‌కు చాలామంది ముందుగానే డబ్బు కడతారు. మూడు నెలలకో, ఆరు నెలలకో, ఏడాదికో ఒకేసారి రీఛార్జ్ చేయిస్తే అంతకాలం నెట్ వస్తుంది, గడువు తీరిన రోజు ఆగిపోతుంది. ఏడాదిన్నర, రెండేళ్ల ఒప్పందం రాయించుకుని మధ్యలో మానేస్తే జరిమానా అడిగే బ్రిటన్ పద్ధతి ఇక్కడి ఇళ్లకు పెద్దగా తెలియదు. ఇక్కడ వినియోగదారుణ్ని కట్టిపడేసేది ముందుగా కట్టిన డబ్బే. ఆరు నెలల ప్లాన్‌లో రెండో నెలకే విసుగెత్తినా మిగిలిన నాలుగు నెలల సొమ్ము రాబట్టుకోవడం తేలిక కాదు. అందుకే సంస్థను మార్చే అదను ఏడాదిలో ఒకటి రెండు సార్లే వస్తుంది. వచ్చినా ఎక్కువసార్లు చేజారిపోతుంది. గడువు రేపనగా మెసేజ్ వస్తుంది, ఇంట్లో పిల్లల క్లాసో ఆఫీసు మీటింగో ఉంటుంది, పాత ప్లాన్‌కే మళ్లీ ఆరు నెలలు కట్టేస్తారు. రెండు మూడు వారాల ముందే ఆలోచన మొదలుపెట్టిన ఇంట్లోనే ఎంపికకు వీలుంటుంది.

అసలు ఎంచుకునే వీలు వచ్చిందే ఈమధ్య. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్ వేగం ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అంది. 2013లో ఆ హద్దు 512 కేబీపీఎస్‌కు, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది. తొలి రోజుల్లో బీఎస్ఎన్ఎల్ ఫోన్ తీగ, లేదంటే వీధి కేబుల్ ఆపరేటర్ లాగిన వైరు, అంతే. తర్వాత మార్పు వేగంగా వచ్చింది. 2017 మార్చిలో ఏసీటీ సంస్థ హైదరాబాద్‌లో 1 జీబీపీఎస్ ప్లాన్ తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడింటినీ కలిపి నెలకు 149 రూపాయల నుంచి ఇవ్వడం అప్పట్లో దాని ప్రత్యేకత. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ రంగంలోకి దిగింది, మరుసటి ఏడాది 399 రూపాయలకు 30 ఎంబీపీఎస్ ప్లాన్ పెట్టి ధరల మెట్టును దించేసింది. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌కు మూడు నాలుగు సంస్థల కేబుళ్లు వచ్చి ఉంటాయి. మండల కేంద్రం దాటి ఊళ్లోకి వెళ్తే ఒకటి, మహా అయితే రెండు. హోర్డింగుల మీద ఎన్ని పేర్లు కనబడినా, ఎంపిక ఆ వీధికి వచ్చిన కేబుళ్ల మధ్యే.

ఆ కేబుల్ ఇంటికి ఎలా చేరుతుందో తెలిస్తే సగం అయోమయం తొలగిపోతుంది. సంస్థ ఎక్స్ఛేంజీలోనో, స్థానిక ఆపరేటర్ గదిలోనో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. అక్కడి నుంచి బయల్దేరిన ఒక్క ఫైబర్ దారాన్ని మధ్యలో స్ప్లిటర్ అనే చిన్న పెట్టె 32 లేదా 64 ఇళ్లకు పంచుతుంది. ఇంట్లో దాని చివర ఉండే పెట్టె ఓఎన్‌టీ. దీన్నే జనం రూటర్ అనో, వైఫై బాక్స్ అనో పిలుస్తారు. ఎక్కువగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఆ దారం మొత్తానికి కిందికి వచ్చే సామర్థ్యం దాదాపు 2.5 జీబీపీఎస్, పైకి వెళ్లేది దాదాపు 1.25 జీబీపీఎస్. దీన్నే ఇళ్లన్నీ పంచుకుంటాయి. పొద్దున ఆరింటికి అపార్ట్‌మెంట్‌లో అందరూ ఒకేసారి కుళాయి తిప్పితే పై అంతస్తుకు నీళ్లు సన్నగా వచ్చినట్టు, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా వేగం తగ్గే ఇళ్ల కష్టం సాధారణంగా ఇలాంటి పంపకంలోనో, ఆ పైన సంస్థ కొనిపెట్టుకున్న సామర్థ్యం చాలకపోవడంలోనో ఉంటుంది.

ఫైబర్ అని చెప్పి అమ్మేవన్నీ ఇంటిదాకా ఫైబర్ కావు. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫైబర్ కింద మెట్ల దగ్గరి స్విచ్ పెట్టె వరకే వస్తుంది, అక్కడి నుంచి ఫ్లాట్లకు రాగి లాన్ వైరు వెళ్తుంది. ఆ స్విచ్‌కు కరెంటు కావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కింది పెట్టెకు లేకపోతే కరెంటు పోయిన క్షణమే నెట్ పోతుంది. ఇంటిదాకా ఫైబర్ వచ్చే చోట దారిలోని స్ప్లిటర్‌కు కరెంటు అవసరమే లేదు. అటు ఓఎల్‌టీకి, ఇటు ఓఎన్‌టీకి బ్యాటరీ ఉంటే చాలు. కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లో ఈ ఒక్క తేడా 50, 100 ఎంబీపీఎస్‌ల మధ్య తేడా కన్నా విలువైనది.

ఇక లైన్ చూసే మనిషి సంగతి. చాలా సంస్థలు చివరి అరకిలోమీటరు పనిని స్థానిక కేబుల్ ఆపరేటర్లకే అప్పగిస్తాయి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కూడా ఎన్నోచోట్ల ఫ్రాంచైజీ భాగస్వాముల చేతుల మీదుగానే నడుస్తోంది. అంటే సంస్థ పేరు మారినా అదే ఆపరేటర్, అదే స్తంభం, ఫైబర్ తెగితే అతికించడానికి వచ్చేది అదే కుర్రాడు కావచ్చు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి పలువురు చనిపోయాక విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టింది. నగరంలో అనేక ఇళ్లకు నెట్ నిలిచిపోయింది, వ్యవహారం హైకోర్టుదాకా వెళ్లింది. ఆ వారంలో ఏ సంస్థ గొప్పదన్న ప్రశ్నకు విలువ లేకపోయింది. అందరి కేబుళ్లూ ఒకే స్తంభానికి వేలాడే వీధిలో సంస్థను మార్చినంత మాత్రాన తెగే ముప్పు తగ్గదు. కాబట్టి ప్రకటన చదవడం కన్నా అదే అంతస్తులోనో, పక్కింట్లోనో ఉన్న కనెక్షన్ గురించి అడగడం మేలు. రాత్రి తొమ్మిదికి ఎలా ఉంటుంది, పోతే ఎన్ని గంటల్లో వస్తారు అన్న రెండు ప్రశ్నలు చాలు.

మార్చాలనుకునే ఇంట్లో ముందు తేల్చాల్సింది, తప్పు లైనుదా, వైఫైదా అన్నది. ల్యాప్‌టాప్‌ను లాన్ వైరుతో నేరుగా పెట్టెకు కలిపి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేస్తే సంగతి తేలిపోతుంది. వైరు మీద పూర్తి వేగం వచ్చి, పడగ్గదిలో ఫోన్‌కు రాకపోతే సంస్థ తప్పు లేదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటుతుంది కానీ అపార్ట్‌మెంట్లలో చుట్టుపక్కల పదిహేను వైఫైలతో కిక్కిరిసి ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. చెప్పుల స్టాండు పైన, ఇనుప తలుపు పక్కన పెట్టిన పెట్టెను హాలు మధ్యకు తెస్తే చాలా ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. పాత ఓఎన్‌టీల్లో లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్ మించి ఇవ్వదు. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని 94 దగ్గరే ఆగిపోతోందని కస్టమర్ కేర్‌తో తగువు పడేవారి కథ తరచూ ఇదే. సంస్థను మార్చాక నెట్ బాగుపడిందని చెప్పేవారిలో కొందరికి నిజానికి మారింది రూటర్ ఒక్కటే.

లైనుదే తప్పయితే ఆనవాళ్లు వేరు. పెట్టె మీద ఎల్‌ఓఎస్ అన్న ఎర్ర లైటు తరచూ వెలగడం, రాత్రిపూట వైరు మీద కూడా వేగం పడిపోవడం, వీడియో కాల్‌లో గొంతు తెగిపోవడం లాంటివి. ఓఎన్‌టీ సెట్టింగుల్లో ఫైబర్ వెలుతురు బలం డీబీఎంలలో కనబడుతుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత, మైనస్ 27 దాటితే లైను నిలవడం కష్టం. అప్పుడు తప్పు వంగిన కేబుల్‌దో, నాసిరకం అతుకుదో అయి ఉంటుంది. లైన్‌మ్యాన్ గంటలో సరిచేయగల పని. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ వచ్చే డాకెట్ నంబరు దాచుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో తెచ్చిన బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనలే, మూడు పనిదినాలు దాటినా బాగుచేయకపోతే ఏడు రోజుల అద్దె, ఏడు రోజులు దాటితే పదిహేను రోజుల అద్దె, పదిహేను దాటితే నెల అద్దె తగ్గించాలన్నాయి. అడిగేవాళ్లు తక్కువ. ఆరు నెలల డాకెట్లు వరుసగా చూస్తే మాత్రం ఎంపిక దానంతటదే తేలుతుంది. రెండుసార్లు తెగిన లైను మామూలే, నెలకు రెండుసార్లు తెగే లైనును వదిలించుకోవాలి.

వేగం విషయంలో ఎక్కువ ఇళ్లు అవసరానికి మించి కొంటాయి. 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. నలుగురున్న ఇంట్లో టీవీ, రెండు ఫోన్లు, ఒక ఆఫీసు కాల్ ఒకేసారి నడిచినా 50 సరిపోతుంది, 100 ఉంటే ధారాళం. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. బిట్లకు, బైట్లకు ఎనిమిది రెట్ల తేడా ఉండటంతో డౌన్‌లోడ్ తెరమీద 12 అని చూసి మోసపోయామనుకోవడం మామూలే. ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసేవారు అప్‌లోడ్ వేగం ఎంతో విడిగా అడగాలి. ‘అన్‌లిమిటెడ్’ ప్లాన్ల వెనక చాలాచోట్ల నెలకు 3,300 జీబీ హద్దు ఉంటుంది. రోజుకు 110 జీబీ, అంటే రోజూ పదహారు గంటలు 4కే చూసినంత. మామూలు ఇంటికి అది హద్దే కాదు. తక్కువ ధర ప్లాన్లలో హద్దు చిన్నది కావచ్చు, అది దాటాక వేగం ఎంతకు పడుతుందో ముందే చెప్పాలని 2016లో ట్రాయ్ ఆదేశించింది.

ధర పోల్చేటప్పుడు ప్రకటనలోని అంకెను పక్కన పెట్టాలి. కొత్త సంస్థ నెలకు 699 అంటోంది, ఆరు నెలలు కడితే ఒక నెల ఉచితం, ఇన్‌స్టాలేషన్ వెయ్యి అనుకుందాం. ఆరు నెలలకు 4,194, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 4,949, ఇన్‌స్టాలేషన్‌తో 5,949. ఏడు నెలలకు పంచితే నెలకు 850. ఇప్పటి సంస్థ 749 ప్లాన్ జీఎస్టీతో 884. కలిసొచ్చేది నెలకు 34 రూపాయలు. దానికోసం గోడకు మరో రంధ్రం పెట్టించుకోవడం తెలివైన బేరం కాదు. తర్వాతి విడతలో ఇన్‌స్టాలేషన్ ఉండదు, ఉచిత నెల కూడా ఉండకపోవచ్చు, అప్పుడు లెక్క 825 అవుతుంది. ఓటీటీల మూట కలిపిన ప్లాన్ అయితే, అందులో ఇంట్లో నిజంగా చూసేవెన్నో వాటి ధరే కలపాలి.

ధర ఒక్కటే కారణమైతే మార్చేముందు ఇప్పటి సంస్థతోనే మాట్లాడాలి. ఏళ్ల తరబడి ఒకే ప్లాన్‌లో ఉన్న ఇళ్లకు అదే సొమ్ముకు రెట్టింపు వేగమిచ్చే కొత్త ప్లాన్ వచ్చిన సంగతి ఎవరూ చెప్పరు. కొత్తవారికిచ్చే తగ్గింపు పాతవారికి అడిగితేనే వస్తుంది, అదీ కాల్ సెంటర్ కన్నా స్థానిక ఆపరేటర్ ద్వారా తొందరగా వస్తుంది. పక్క సంస్థ ధర చేతిలో ఉంటే బేరం కుదురుతుంది. ట్రాయ్ వెబ్‌సైట్‌లోని టారిఫ్ పోర్టల్‌లో సంస్థల ప్లాన్లు చూసుకోవచ్చు.

కొన్ని ఇళ్లకు ప్రత్యేక చిక్కులుంటాయి. పాత ల్యాండ్‌లైన్ నంబరు బంధువులందరి దగ్గరా ఉంటే, మొబైల్ నంబరులా దాన్ని కొత్త సంస్థకు తీసుకెళ్లే వీల్లేదు. సీసీ కెమెరాను బయటి నుంచి నేరుగా చూసుకోవడానికి స్టాటిక్ ఐపీ వాడేవారు, కొత్త సంస్థ అది ఇస్తుందో లేదో, ఎంతకిస్తుందో అడగాలి. కేబుల్ చేరని చోట 5జీ సిగ్నల్‌తో నడిచే ఎయిర్‌ఫైబర్ ఒక దారి. జియో దీన్ని 2023 సెప్టెంబరులో హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో మొదలుపెట్టింది. వీధి కేబుల్ తెగే బాధ దీనికి ఉండదు, కానీ టవరు దూరాన్ని, రద్దీని బట్టి వేగం మారుతుంది. మంచి ఫైబర్ ఉన్న ఇంటికి అది మెరుగు కాదు.

మార్చాలని తేలాక వరుస ముఖ్యం. బ్రిటన్‌లో 2024 సెప్టెంబరు నుంచి కొత్త సంస్థకు చెబితే చాలు, పాతది అదే మూసివేయిస్తుంది. ఇక్కడ రెండు పనులూ ఇంటివారివే. పాత గడువుకు వారం ముందే కొత్త లైను వేయించుకుని రెండింటినీ పక్కపక్కన చూడటం మంచిది. మొదటిసారి నెల ప్లాన్ దొరికితే అదే కట్టాలి, ఆరు నెలల తగ్గింపు తర్వాతైనా దొరుకుతుంది. కొత్త రూటర్‌కు పాత వైఫై పేరు, పాస్‌వర్డే పెడితే టీవీలు, కెమెరాలు, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు చాలావరకు వాటంతటవే కలుస్తాయి.

కొత్త లైను కుదురుకున్నాక పాతదాన్ని ఊరికే వదిలేయకూడదు. బ్యాంకులో, యూపీఐలో ఆటోపే ఉంటే రద్దు చేయాలి. మూసివేతను యాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా కోరి, ఓఎన్‌టీ తిరిగిచ్చేటప్పుడు సీరియల్ నంబరుతో రసీదు తీసుకోవాలి. పెట్టె ఇవ్వలేదంటూ నెలల తర్వాత డబ్బు అడిగినప్పుడు ఆ కాగితమే జవాబు. డిపాజిట్ రాకపోతే ముందు సంస్థ ఫిర్యాదు కేంద్రానికి, అక్కడ తేలకపోతే 30 రోజుల్లోగా ఆ సంస్థ అప్పీలు అధికారికి రాయాలి. 2012 ట్రాయ్ నిబంధనల ప్రకారం అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. టెలికాం సేవలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలో స్పష్టంగా ఉన్నాయి కాబట్టి, అక్కడా పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.