విషవాయువు వచ్చిన రాత్రి

పనులన్నీ అయ్యాక టీవీ ముందు కూర్చోవడం మనకు అలవాటే కదా. 2023 నవంబరులో వచ్చిన నాలుగు భాగాల హిందీ ధారావాహిక ‘ది రైల్వే మెన్’ మీలో కొందరు చూసే ఉంటారు. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి విషవాయువు వెలువడిన ఉదంతం అది. అందులో కల్పన కొంత ఉంది. కాని స్టేషన్ మాస్టరు పాత్రకు మూలం గులాం దస్తగీర్ అనే నిజమైన రైల్వే ఉద్యోగి. స్టేషన్‌లో ఆగి ఉన్న ఎక్స్‌ప్రెస్‌ను టైముకు ముందే పంపించేసి, ఆయన ఎందరి ప్రాణాలో నిలబెట్టారు.

అసలేం జరిగింది? మన ప్రెషర్ కుక్కరును తలచుకోండి. మిథైల్ ఐసోసైనేట్ అనే ఆ రసాయనాన్ని చల్లగా ఉంచాలి, నీళ్ళు తగలనివ్వకూడదు. ఆ రాత్రి ట్యాంకులోకి నీళ్ళు చేరాయి. వేడి పుట్టింది, ఒత్తిడి పెరిగింది, కుక్కరు వెయిట్ లేచినట్టే వాల్వు తెరుచుకుంది. చల్లబరిచే యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. వాయువును కాల్చేసే గొట్టం మరమ్మతులో ఉంది. సుమారు 40 టన్నుల విషం నిద్రపోతున్న బస్తీల మీదికి పాకింది. వెంటనే పోయినవారే 2,259 మంది అని ప్రభుత్వం లెక్క చెప్పింది.

ఊరిని లేపవలసిన సైరను కాసేపు మోగించి ఆపేశారు. ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. జనం గాలి వీచే వైపే పరుగెత్తారు. పరుగెత్తేకొద్దీ రొప్పు, రొప్పేకొద్దీ విషం లోపలికి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చినప్పుడూ సైరను మోగలేదు. 12 మంది పోయారు.

‘మన వికారాబాదు, తాండూరుల్లో నాపరాళ్ళు, సిమెంటే కదా’ అంటారేమో! రోడ్డు మీద ట్యాంకర్లు పోవడం లేదూ? అందుకని ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఘాటైన వాసన వచ్చి కళ్ళు మండితే, తడిగుడ్డ ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకోండి. దండెం మీది బట్టలు ఎటు ఎగురుతున్నాయో చూసి, ఆ గాలికి అడ్డంగా పక్కకు నడవండి. బరువైన వాయువు నేలబారునే ఉంటుంది గనుక పిల్లల్ని ఎత్తుకోండి. కళ్ళు మంచినీళ్ళతో కడగండి.

ఇంకో మాట. ప్రమాదకర రసాయనాలు ఎక్కువగా నిలవచేసే ఫ్యాక్టరీ, ప్రమాదం వస్తే ఏం చేయాలో చుట్టుపక్కల వాళ్ళకు ముందే చెప్పాలని 1989 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మీకు దగ్గరలో అలాంటిది ఉంటే నలుగురూ కలిసి వెళ్ళి అడగండి. అది అడిగితే తప్పు కాదమ్మా, అడక్కపోతేనే ముప్పు.