రసాలకు మిక్సీ ఎందుకు?

గుడివాడ: ఇంటింటా మిక్సీ వచ్చినా నూజివీడు రసాల ముందు దానికి పని లేదు. పండును మెత్తగా నలిపి, ముచ్చిక తీసి, మొదటి సొన చుక్కలు పిండి పారేస్తే మిగిలినదంతా రసమే. పిల్లలకు గ్లాసులో పోయాలంటే గిన్నెలోకి పిండి పలుచని గుడ్డలో వడకడితే పీచు పైనే నిలుస్తుంది.

చిక్కంతా కాయను మగ్గించడంలోనే. కార్బైడుతో మగ్గించడం చట్టరీత్యా నిషిద్ధం. తోలు పసుపెక్కినా లోపల పులుపు పోదు సరికదా, ఆ మందులో పాషాణపు జాడలు ఉండవచ్చు.

కోత మిషన్లు వచ్చాక గడ్డివాములు తగ్గాయి గాని, బుట్టెడు వరిగడ్డి ఎవరింటనైనా దొరుకుతుంది. ముదిరిన కాయలను సొన కారనిచ్చి గడ్డి మధ్య పేర్చితే, కాయలోంచి వచ్చే ఎథిలీన్ వాయువే వాటిని మగ్గిస్తుంది. రోజూ చేయి పెట్టి చూసి, కుళ్లినదాన్ని వెంటనే తీసేయాలి. సంతలో కొనేవారు రంగు చూడక, ముచ్చిక దగ్గర వాసన చూడాలి.