చెమట ఆరితేనే చలువ!

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండ ఎలా ఉంటుందో కొనకనమిట్ల వాసులకు వేరే చెప్పాలా! అయినా తలకు తువ్వాలు చుట్టుకుని పొలం పనులు చక్కబెట్టుకుంటారు. అదే తొలకరి మబ్బు పట్టి ఎండ తగ్గిందంటే మాత్రం... 'అబ్బ, ఏం ఉక్కపోత!' అంటూ ఉసూరుమంటారు. డిగ్రీలు తగ్గినా ఒంటికి హాయి లేదెందుకు?

జవాబు ఇంట్లోని మట్టికుండ చెబుతుంది. కుండ సన్నని రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని లాక్కుంటుంది. చెమట చేసే పనీ అదే. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి ఒంటిని వదిలిపోతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. అప్పుడు నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం పోదు. అలాంటి రోజుల్లో కుండనీళ్లూ అంతగా చల్లబడవు.

దీన్ని కొలవడానికి థర్మామీటరు కొసకు తడిగుడ్డ చుడతారు. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే అది సుమారు 24 చూపుతుంది. ఎండ 35 డిగ్రీలకు తగ్గి, తేమ 60 శాతానికి పెరిగితే 28 దాటుతుంది! అది 35కు చేరి గంటల తరబడి ఉంటే ఆరోగ్యవంతులూ తట్టుకోలేరని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఎండనపడి కష్టపడేవారికి ముప్పు అంతకు చాలా ముందే మొదలవుతుంది.

ఒంగోలు, చీరాల వైపు సముద్రపు గాలితో ఈ ఉక్క అలవాటే. తీరానికి దూరంగా ఉన్న కొనకనమిట్లలో వేసవి గాలి పొడిగా ఉంటుంది. నైరుతి గాలులు తేమను మోసుకొచ్చినా, పడమటి కనుమల చాటున ఉన్న ఈ ప్రాంతంలో చాలాసార్లు మబ్బే తప్ప వాన ఉండదు. రాత్రిళ్లు ఆ మబ్బే దుప్పటిలా నేల వేడిని పోనివ్వదు.

2003, 2015 వడగాడ్పులు తెలుగునాట వెయ్యికి పైగా చొప్పున ప్రాణాలు తీశాయి. అందుకే ఎండంటే అందరికీ భయం. మబ్బు పడితే మాత్రం ధీమా! మార్కాపురం పలకల గనుల్లోనైనా, చేలల్లోనైనా ఉక్కరోజున పని మధ్య నీడలో ఆగాలి. ఉప్పేసిన మజ్జిగ తాగాలి. ఫ్యాను గాలి ఒంటి చుట్టూ పేరుకున్న తేమను నెడుతుంది. ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, స్పృహ తప్పినా ఒంటిపై నీళ్లు చల్లి విసరాలి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

కుండలో నీళ్లు చల్లబడని రోజు, ఒళ్లూ చల్లబడదని గుర్తు!