బిడ్డ అడ్డం తిరిగిన రాత్రి

నొప్పులు మొదలై చాలా పొద్దుపోయింది. పొట్ట మీద చెయ్యి వేసి చూసిన నర్సుకి బిడ్డ తల కింద తగల్లేదు, పక్కన తగిలింది. అడ్డం తిరిగిన బిడ్డ మామూలు కాన్పులో బయటికి రాదు. ఆపరేషన్ చేసి తియ్యాలి. ఆలస్యమయ్యేకొద్దీ గర్భసంచి చిరిగి తల్లీబిడ్డల ప్రాణాల మీదికి వస్తుంది. ఆపరేషన్ చేసే డాక్టరు ఉన్నదేమో వందల కిలోమీటర్ల అవతల, పట్నంలో. మధ్యలో యుద్ధం, మందుపాతరలు. 1980ల్లో మొజాంబిక్ పల్లెల్లో కాన్పు కష్టమైతే ఇదీ పరిస్థితి. దానికి ఆ దేశం వెతుక్కున్న దారి గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. ఆరోగ్య వ్యవస్థను బలపరచడం అన్న మాటకి అంత సూటి అర్థం నాకు మరోచోట కనబడలేదు.

మొజాంబిక్ ఆఫ్రికా ఆగ్నేయ తీరం వెంట పొడుగ్గా సాగిన దేశం. సముద్రతీరమే దాదాపు 2,500 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న మన తీరానికి రెట్టింపు కంటే ఎక్కువ. రాజధాని మపూటో దక్షిణపు కొసన ఉంది. మన పూర్వులు బుడతకీచులని పిలిచిన పోర్చుగీసువాళ్లు అక్కడ వందల ఏళ్లు పెత్తనం చేసి, 1975 జూన్ 25న దిగిపోయారు. ఆ వెనకే డాక్టర్లూ వెళ్లిపోయారు. సుమారు కోటిమంది జనాభాకి వందమంది డాక్టర్లు కూడా మిగల్లేదు. కొత్త దేశానికి తొలి అధ్యక్షుడైన సమోరా మషెల్ స్వయానా నర్సు. మపూటో ఆస్పత్రిలో పనిచేసినవాడు. స్వాతంత్ర్యం వచ్చి నెల తిరక్కుండానే ప్రైవేటు వైద్యాన్ని జాతీయం చేశాడు. వైద్యం అందరికీ అందాలన్నారు, బాగానే ఉంది. అందించే చేతులు ఎక్కడివి?

ఇంతలో అంతర్యుద్ధం ముంచుకొచ్చింది. రెనామో తిరుగుబాటు దళాలు పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్ని పనిగట్టుకుని ధ్వంసం చేశాయి. ఒక డాక్టరు తయారవడానికి ఆరేడేళ్లు, సర్జన్ కావడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది. కాన్పు అన్నాళ్లు ఆగదు. అప్పుడు ఆరోగ్య మంత్రిగా ఉన్న పాస్కోల్ మొకుంబి కాన్పుల డాక్టరే. తరవాత పదేళ్లు ప్రధానమంత్రిగానూ చేశాడు. ఆయనా, ఆ రోజుల్లో అక్కడ పనిచేస్తున్న స్వీడన్ కాన్పుల డాక్టరు స్టాఫన్ బెరిస్ట్రోమ్ వంటివాళ్లూ ఒక నిర్ణయానికి వచ్చారు. డాక్టర్లు కానివాళ్లకి సర్జరీ నేర్పాలి. 1984లో చదువు మొదలైంది. నేర్చుకున్నవాళ్లని పోర్చుగీసులో 'టెక్నికో ద సిరుర్జియా' అంటారు. సర్జరీ టెక్నీషియన్ అన్నమాట.

దారినపోయే వాళ్లకి కత్తి చేతికివ్వలేదు. అప్పటికే పల్లెల్లో కొన్నేళ్లు పనిచేసి, రోగిని చూసిన అనుభవం ఉన్న నర్సుల్నీ వైద్య సహాయకుల్నీ ఏరి తెచ్చారు. రెండేళ్లు మపూటో పెద్దాస్పత్రిలో పాఠాలూ పనీ, మూడో ఏడు ఏదో ఒక ప్రావిన్సులోని పెద్ద ఆస్పత్రిలో సీనియర్ కళ్లెదుట పని. సిజేరియన్, చిరిగిన గర్భసంచి, గర్భసంచి బయట నిలిచిన గర్భం, విరిగిన ఎముకలు, కాలిన ఒళ్లు, బిగుసుకుపోయిన హెర్నియా, మందుపాతర గాయాలు. పల్లె ఆస్పత్రికి అర్ధరాత్రి వచ్చి తెల్లారేదాకా ఆగలేని రోగాలు ఇవే. పేర్లు రాస్తే ఒక పేజీకి మించవు. ఈ పథకం నిలబడటానికి అసలు కారణం నా దృష్టిలో ఇదే: శస్త్రచికిత్స మొత్తం నేర్పబోలేదు, ప్రాణం నిలిపే కొద్దిపాటి పనుల్నీ చేతికి పట్టుబడేదాకా నేర్పారు.

సిజేరియనే చూడండి. చర్మం, కొవ్వు, దాని కింద గట్టి పొర కోస్తారు. కండరాల్ని మాత్రం కొయ్యరు, వేళ్లతో పక్కకి విడదీస్తారు. తరవాత పల్చటి పొర తెరిచి, మూత్రసంచిని కిందికి జరిపి, గర్భసంచి కిందిభాగంలో అడ్డంగా కోత పెడతారు. మూత్రసంచిని సరిగ్గా జరపకపోతే అదే తెగుతుంది. కోత పక్కలకి మరీ పోతే పెద్ద రక్తనాళాలు తెగుతాయి. అడ్డం తిరిగిన బిడ్డయితే లోపలే కాలు దొరకబుచ్చుకుని బయటికి తేవాలి. ఇదంతా పుస్తకం చదివితే వచ్చేది కాదు. పక్కన నిలబడి చూసి, చేతిమీద చెయ్యి వేయించుకుని, పదులసార్లు చేస్తే వస్తుంది. అలా చేసిన చెయ్యి డాక్టరుదా, నర్సుదా అన్నది కుట్టు మానేటప్పుడు తెలియదు.

ఇది నా అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. మపూటోలో టెక్నీషియన్లు చేసిన 958 సిజేరియన్లనీ, స్పెషలిస్టు డాక్టర్లు చేసిన 1,113 సిజేరియన్లనీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం 1996లో వచ్చింది. టెక్నీషియన్లు చేసినవాటిలో పైకుట్టు విడిపోవడం కాస్త ఎక్కువ. అంతకుమించి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2002 నాటికి గ్రామీణ జిల్లా ఆస్పత్రుల్లో కాన్పులకి సంబంధించిన పెద్ద ఆపరేషన్లలో నూటికి 92 వీళ్లే చేస్తున్నారు. శిక్షణ ఖర్చూ జీతాలూ ముప్ఫై ఏళ్ల మీద పరిచి లెక్క వేస్తే ఒక్కో ఆపరేషన్‌కి టెక్నీషియన్ చేస్తే సుమారు 39 డాలర్లు, స్పెషలిస్టు చేస్తే 144 డాలర్లు.

నన్ను కదిలించిన అంకె వేరే ఉంది. జిల్లా ఆస్పత్రులకి వెళ్లినవాళ్లలో ఏడేళ్ల తరవాత ఎంతమంది అక్కడే ఉన్నారని చూస్తే, టెక్నీషియన్లు నూటికి 88 మంది. డాక్టర్లు ఒక్కరూ లేరు. డాక్టర్లని తప్పుపట్టి లాభం లేదు. వాళ్ల పట్టా విదేశంలో చెల్లుతుంది, పట్నంలో పై చదువుంది, ప్రైవేటు ప్రాక్టీసుంది. టెక్నీషియన్ పట్టా దేశం దాటితే చెల్లదు. అతను ఆ పల్లెల మనిషి కూడా.

పేదవాడికి తక్కువరకం వైద్యమా అని అడిగినవాళ్లు లేకపోలేదు. మొదట్లో డాక్టర్లే ఎదురుతిరిగారు. ఆ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. కానీ ఆ రాత్రి ఆ తల్లి ముందున్నది మంచి సర్జనా, మామూలు సర్జనా అన్న ఎంపిక కాదు. ఎవరైనా ఉన్నారా, లేరా అన్నదే.

నిజమైన అన్యాయం మరోచోట జరిగింది. సర్జన్ పని చేయించుకుని సర్జన్ గౌరవం ఇవ్వలేదు. జీతం, హోదా, పైకి వెళ్లే మెట్లు చాలాకాలం సరిగా లేవు. తరవాత ఈ చదువుని డిగ్రీ స్థాయికి పెంచారు. ఇది కొత్త కథా కాదు, పోర్చుగీసు పాలనలోనూ జరిగినదే. 1842లో గోవా పణజిలో పెట్టిన వైద్య పాఠశాలలో చదువుకున్నవాళ్లు మొజాంబిక్, అంగోలాల దాకా వెళ్లి వైద్యం చేశారు. పని డాక్టర్లదే, హోదా మాత్రం రెండో తరగతి. పోర్చుగల్‌లో ఆ పట్టాకి విలువ లేదు.

ఒక్క మనిషికి నేర్పితే పని అయిపోదు. మత్తు ఇచ్చేవాళ్లు, పరికరాలు అందించేవాళ్లు, రక్తం, కరెంటు పోతే జనరేటర్, దానికి డీజిల్ అన్నీ ఉండాలి. అందుకే మత్తుమందు టెక్నీషియన్లనీ, ఆపరేషన్ నర్సుల్నీ విడిగా తయారుచేశారు. ఈ గొలుసులో ఏ లంకె తెగినా నేర్చిన చెయ్యి ఊరికే ఉండిపోతుంది.

ఇంకో లంకె భాష. మొజాంబిక్‌లో చదువు పోర్చుగీసులో. మొజాంబిక్ చుట్టూ టాంజానియా, మలావీ, జాంబియా, జింబాబ్వే, దక్షిణాఫ్రికా ఉన్నాయి. అన్నిచోట్లా వైద్య విద్య ప్రధానంగా ఇంగ్లీషులోనే. పక్కింటి పుస్తకం, పక్కింటి మేష్టారు వీళ్లకి పనికిరారు. పోర్చుగీసులోనే చదువుకునే గినీ బిసావుకి ఫ్రెంచి మాట్లాడే దేశాల మధ్య ఇదే అవస్థ. అందుకే బ్రెజిల్, పోర్చుగల్ సాయం వీళ్లకి అంత అవసరమైంది. అదే భాష వాడే కేప్ వెర్దె 2015లో తన తొలి వైద్య విద్యా కోర్సుని పోర్చుగల్‌లోని కొయింబ్రా విశ్వవిద్యాలయం చేయూతతో మొదలుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నీలిరంగు రేకు ట్రంకు పెట్టెల్లో వందకు పైగా పుస్తకాలు సర్ది మారుమూల ఆస్పత్రులకి పంపింది. పోర్చుగీసు పుస్తకాల పెట్టెలూ అందులో ఉన్నాయి. ఇంటర్నెట్ చేరని చోట ఆ పెట్టే గ్రంథాలయం.

ఆ పెట్టెలోని పుస్తకాలన్నీ చదివినా, నంపూలా ప్రాంతంలో మంచమ్మీద ఉన్న తల్లికి చాలాసార్లు పోర్చుగీసు రాదు. ఆమెది మఖువా భాష. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, నీరు పోయిందా, బిడ్డ కదలిక ఆఖరుసారి ఎప్పుడు తెలిసింది అన్నవి ఆ భాషలోనే అడగాలి, వచ్చే జవాబుని బట్టే కత్తి పట్టాలో ఆగాలో తేల్చుకోవాలి.